చిన్నవ్వ సర్వప్ప

ఖతర్‌లోని వెస్ట్ బేలో ఇరవై రెండో అంతస్తు ఇంట్లో తుడిచి, తోమి, వండిపెట్టే బాధ్యత నాలుగేళ్లుగా నర్సవ్వది. ఊరు జగిత్యాల పక్క పల్లె. ఇంటి యజమానురాలు మారిసోల్ మేడమ్‌ది మెక్సికో. స్పానిష్‌లో రాసే రచయిత్రి. పుస్తకాలన్నీ తన అమ్మమ్మ మీదే. మొదటి పుస్తకం చుట్టాలు మాత్రమే కొన్నారు, మూడోదానికి బహుమతి వచ్చింది, నాలుగోది మొన్ననే అచ్చయింది.

నర్సవ్వకు మనసాగలేదు. నాలుగు పుస్తకాలు పట్టిందంటే ఆ ముసలమ్మ ఏ రాజ్యం ఏలి ఉండాలి?

"ఏం చేసేది మేడమ్ మీ అమ్మమ్మ?" అని అడిగేసింది. వాళ్ల మధ్య నడిచే భాష సగం హిందీ, పాతిక అరబ్బీ, పాతిక చేతులు. ఇక్కడ రాసేది దాని సారాంశం.

"మక్కజొన్నలు విసిరేది. రొట్టెలు చేసేది. పదకొండుమందిని పెంచింది."

"తర్వాత?"

"అంతే."

ఆ సాయంత్రమే ఊళ్లోని కోడలు సుమలతకు ఫోన్ పోయింది. "మా అత్త చిన్నవ్వ గూడ గదే చేసిందిగదనే! ఆమె పేరు ఎవ్వలు గోడ మీద గూడ రాయలే."

"దుబాయ్‌ల గట్లనే ఉంటదేమో అత్తా."

ఖతర్‌ను దుబాయ్ నుంచి విడదీసే ప్రయత్నం నర్సవ్వ ఎన్నడో మానుకుంది.

శుక్రవారం ఇంట్లోనే కొత్త పుస్తకం చదివే సభ. ముప్ఫైమంది అతిథులకు అమ్మమ్మ పద్ధతిలో రొట్టెలు పెట్టాలని మేడమ్ పట్టుదల. అమ్మమ్మ పోయింది, చేను అమ్ముడుపోయింది. ఆ చేని పంటలో, మేడమ్ తమ్ముడు విమానంలో తెచ్చిన రెండు కిలోల మక్కలే ఆఖరివి.

గురువారం నర్సవ్వ చూసేసరికి ఆ మక్కలు సున్నపునీళ్లలో మునిగి ఉన్నాయి. మేడమ్ పక్కగదిలో ఫోన్లో ఉంది. తమలపాకులో గోరంత సున్నం ఎక్కువైతేనే నోరు పొక్కుతుందని నర్సవ్వ నలభై ఏళ్ల అనుభవం. ఇక్కడ గిన్నెడు! రచయిత్రి కదా, ధ్యాస ఎక్కడో ఉండి డబ్బా ఒలకబోసి ఉంటుందని తీర్మానించి, ముప్ఫై నోళ్లను రక్షించే పుణ్యకార్యానికి పూనుకుంది. ఏడు నీళ్లు కడిగి, మంచినీళ్లు పోసి పొయ్యెక్కించింది. చేసిన పుణ్యం చెప్పుకోకూడదు గనక చెప్పలేదు.

మర్నాడు రుబ్బిన ముద్ద రొట్టెకు రానంటే రానంది. వత్తితే విరిగింది, పెనం మీద పొడైంది.

"సున్నంలో ఉడికితేనే పిండి సాగేది. అమ్మమ్మ చెప్పినంతే వేశాను," మేడమ్ విరిగిన ముక్కల్ని చేతిలోకి తీసుకుంది. "ఎక్కడ తప్పాను?"

ఊరుకుంటే తప్పు మేడమ్‌దే అయిపోతుంది. ఆ సౌకర్యాన్ని నర్సవ్వ కాసేపు పరిశీలించింది.

"నేనే కడిగిన మేడమ్."

మేడమ్ స్టూలు మీద కూలబడింది. అతిథులు రావడానికి మూడు గంటలుంది.

"జర పక్కకు జరుగుండ్రి," అని నర్సవ్వ ఆ ముద్దలో బియ్యప్పిండి, ఉల్లి, పచ్చిమిర్చి, నువ్వులు కలిపింది. విరిగే పిండిని వత్తడం దేనికి? నూనె రాసిన చల్లటి గిన్నెకే నేరుగా అద్ది, వేలితో బెజ్జాలు పెట్టి, పొయ్యెక్కించింది. అది ఊళ్లో అత్త నేర్పిన గిన్నె రొట్టె, సర్వప్ప.

మేడమ్ ముక్క తుంచి నమిలింది. "ఇది అమ్మమ్మ రొట్టె కాదు." ఇంకో ముక్క తుంచింది. "మక్కలు మాత్రం ఆవిడవే."

చదవడం ముగిశాక ఒక పెద్దావిడ సర్వప్ప ముక్క ఎత్తి చూపింది. "మీ అమ్మమ్మ వంట ఇదేనా?"

మేడమ్ తలుపు దగ్గర నిలబడ్డ నర్సవ్వ వైపు చెయ్యి చూపింది. ముప్ఫై తలలు తిరిగాయి.

"మా అత్తది," అంది నర్సవ్వ. "చిన్నవ్వ."

"ఆవిడ ఏం చేసేది?" మేడమ్ అప్పటికే పెన్ను తీసింది.

"మక్కలు ఇసిరేది..." అని నర్సవ్వ ఆగింది. అంతే అనడానికి నోరు రాలేదు. కొంగు సర్దుకుని ఓ కుర్చీ లాక్కుంది.

"కూసోండ్రి, చెప్త."