ఓడకు కరెంటిచ్చిన రోజు

ఆ రోజుల్లో నేను మంచి పడుచువాణ్ణి. అరవై రెండంటే అదీ ఒక వయసేనా? బెల్లంకొండ దగ్గర సబ్‌స్టేషన్‌లో ముప్పై ఏళ్లు ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చోలేక ఒక రేవులో కాంట్రాక్టు ఉద్యోగానికి చేరాను. ఓడల పొగ మాన్పించిన మొనగాణ్ణి నేనేనని నరసరావుపేటలో ఏ టీకొట్టు దగ్గర అడిగినా చెబుతారు. (వాళ్లకు చెప్పింది నేనే. అసలు సంగతి ఇదిగో.)

రేవుకొచ్చిన ఓడ, సరుకు దించేదాకా తన కరెంటు కోసం డీజిలు ఇంజన్లు తిప్పుతూనే ఉంటుంది. ఆ పొగంతా ఊరి మీదికే. ఒడ్డు నుంచి కరెంటిస్తే ఇంజన్లు ఆపేయొచ్చు. కానీ ఓడ, క్రేన్లు, కూలింగ్ కంటెయినర్లు అన్నీ ఒక్కసారే లాగితే లైను తట్టుకోదు. అందుకని స్మార్ట్ గ్రిడ్ పెట్టారు. గోదాముల మీది సోలారునీ బ్యాటరీలనీ చూసుకుంటూ ఎవరికెప్పుడు ఎంతివ్వాలో అదే పంచుతుంది. దాని ఇంజనీరు మాచర్ల అమ్మాయి. రెండేళ్లు కష్టపడింది. ఆ రోజు పరీక్ష: సాయంత్రం దాకా ఓడ గొట్టంలోంచి పిసరంత పొగ వచ్చినా, ఈ గ్రిడ్ మెషిన్లన్నీ పీకేయిస్తానని రేవు పెద్దసారు ముందే అన్నాడు.

"బాబాయ్, ఈ కంప్యూటర్ తెర చూస్తా కూర్చో. దేన్నీ ముట్టుకోమాక," అంది అమ్మాయి. ఓడకు కరెంటెక్కింది. ఇంజన్ల రొద ఆగింది. అంత పెద్ద ఓడ చప్పుడు లేకుండా నిలబడితే నాకు ఒళ్లంతా పులకరించి, కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను!

అప్పుడే ఎడ్లపాడు నుంచి మా బామ్మర్ది ఫోను. వాడి పచ్చిమిర్చి ఆ రేవులోనే కూలింగ్ కంటెయినర్లో ఉంది. "బావా, నా సరుకు చల్లగా ఉందా?"

తెర చూస్తే కంటెయినర్ల వరుస ఆఫ్! "ఒరేయ్, కరెంటు తీసేశార్రా!"

"ఏంది బావా? ఊరందరి మోటార్లకీ వేశావు, నా కాడికొచ్చేసరికి లేదా?"

ఆ మాట చురుక్కుమంది. మా సబ్‌స్టేషన్‌లో పొలాలకు కరెంటు వంతులవారీగా ఇచ్చేవాళ్లం. చివరి మడి తడవలేదని రైతు ఫోన్ చేస్తే ఇంకో పావుగంట ఉంచేవాణ్ణి. చేతికి అదే అలవాటు. ఆటోమేటిక్ తీసి, కంటెయినర్లకు కరెంటు వేసేశాను. ఆ క్షణానే రెండు క్రేన్లు బరువెత్తాయి. లైను తట్టుకోలేక ఓడ సరఫరా ట్రిప్పయి ఆగిపోయింది. కాసేపటికే ఇంజన్లు గర్జించి, నల్లటి పొగ ఒడ్డున నిలబడ్డ పెద్దసారు తెల్లచొక్కా మీదుగా పోయింది.

"నేను ముందే చెప్పా, ఈ మెషిన్లను నమ్మలేమని! పీకించండి," అన్నాడు పెద్దసారు లోపలికొచ్చి. అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ లేచాను. "మెషిను తప్పేం లేదు సార్. నేనే వేశాను. మా బామ్మర్ది అడిగాడు."

"బామ్మర్దా?" అన్నాడాయన. కోపంగా మొదలైన ఆ మాట నవ్వులో ముగిసింది. ఇంకో ఓడతో మళ్లీ పరీక్ష పెట్టమన్నాడు.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఆ కంటెయినర్లు తలుపేసిన ఫ్రిజ్జులు బాబాయ్. పావుగంట ఆపినా చల్లదనం పోదు. ఆ పావుగంట కరెంటు గ్రిడ్ ఓడకిస్తది. నువ్వు వంతులేసినట్టే అదీ వేస్తది. కాకపోతే ఎవురి ఫోనూ ఎత్తదు."

రెండో ఓడ సాయంత్రం దాకా పొగ లేకుండా నిలబడింది. అమ్మాయి కేక పెట్టి, కోపం మరచి నా చేతులు పట్టుకుని ఊపేసింది. ఇప్పుడక్కడ ఓడలు నిలిచే అన్ని బెర్తుల్లోనూ ఆ మెషినే వంతులేస్తోందట. సంతోషమే. కాస్త కుళ్లు కూడా. ముప్పై ఏళ్లలో ఒక్క రైతుకూ "కుదరదయ్యా" అనలేకపోయిన ఆ మనిషి, అంటే నేనే, గుర్తొస్తే, తిట్టబోయి నవ్వేస్తాను.