చాప మీది పేషెంట్లు

మెదక్ పట్టణంలో ఒక సర్కారు దవాఖానాలో నేను క్లర్కును. ఎన్ని మంచాలున్నాయి, ఎన్ని నిండాయి అని నెలనెలా హైదరాబాదుకు లెక్క పంపడం నా పని. ఆ లెక్క చూసే పైవాళ్ళు ఏ ఊరికి ఎన్ని కొత్త మంచాలు ఇవ్వాలో నిర్ణయిస్తారు. పన్నెండేళ్ళుగా పంపుతున్నాను. పన్నెండేళ్ళుగా ప్రతి వానాకాలంలో మా మంచాలన్నీ సరిగ్గా నిండాయి. ఎన్ని మంచాలో అంతమందే రోగులు, ఒక్కరు కూడా ఎక్కువ లేరు.

చేరిన కొత్తలో ఉన్నది ఉన్నట్టే రాశాను. జ్వరాల కాలం. మంచాల మధ్య చాపలు, వరండాలో చాపలు. వాళ్ళందరినీ కలిపి పంపాను. కాగితం ఎర్ర ఇంకుతో తిరిగొచ్చింది: "మంచాల కన్నా రోగులు ఎక్కువ ఎలా ఉంటారు? సరిచేసి పంపండి." మంచాలు పెంచడం నా చేతిలో లేదు కాబట్టి రోగులను తగ్గించాను. అప్పటి నుంచి చాప మీద ఉన్నవాళ్ళకు మందులిస్తాం, సెలైన్ పెడతాం, లెక్కలో మాత్రం రాయం. నా కాగితాలు మళ్ళీ ఎప్పుడూ తిరిగి రాలేదు. పని తెలిసినవాడినని పేరు కూడా వచ్చింది.

పైనుంచి ఎవరైనా చూడటానికి వస్తే ఇంకో పని పడుతుంది. లెక్కకూ వార్డుకూ పొంతన కుదరాలి కదా. చాపలు చుట్టి స్టోర్ రూములో పెడతాం. నడవగలిగిన వాళ్ళను బయట బెంచీల మీద, ఎవరికో తోడుగా వచ్చిన వాళ్ళలాగా కూర్చోబెడతాం. ఆ సంగతి వాళ్ళకు చెప్పడం కూడా నా వంతే. మర్యాదగా చెప్తానట.

మొన్నటి వానాకాలం కుల్చారం నుంచి మా అక్క జ్వరంతో వచ్చింది. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. బీడీలు చుట్టి నన్ను చదివించిన మనిషి. దవాఖానాలో తమ్ముడున్నాడు, మంచానికేం కొదవ అని ఆమె ధీమా. మంచం దొరకలేదు. ఇంకొకరిని లేపి ఆమెను పడుకోబెట్టమనడానికి నాకు నోరు రాలేదు. పదిహేడో మంచం పక్కన చాప వేశారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఎక్కువ కదలనివ్వకండి అంది డాక్టరమ్మ.

మూడో రోజు పొద్దున పెద్ద డాక్టరు పిలిచాడు.

"కొత్త వార్డు అవసరమా కాదా అని చూడనీకి హైదరాబాద్ నుంచి సారు వస్తుండు. పదింటికల్ల వార్డు సాఫ్ ఉండాలె. అందరికి జర చెప్పుండ్రి."

"కొత్త వార్డు రావాలంటె చాపలు కనపడాలె కద సార్?"

"కనపడితె గీ పన్నెండేండ్ల లెక్క ఏందంటడు. సంతకాలు మీయి."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. వార్డులోకి వెళ్ళి ఒక్కొక్కరికీ చెప్పాను. అక్కను ఆఖరికి పెట్టుకున్నాను.

"అక్కా, జర సేపు బయట కూసుంటవా? పెద్ద సారు వస్తుండు."

"గంతేనా? నీకు మాట రావద్దు గని" అని గోడ పట్టుకుని లేచింది. నర్సు సెలైన్ గొట్టం తీసింది. సూది మాత్రం చేతికే ఉంది. బెంచీ మీద కూర్చుని అక్క ఆ చేతిని కొంగు కింద దాచుకుంది. అలా చెయ్యమని నేను చెప్పలేదు.

సారు వచ్చాడు. మంచానికి ఒక్కరు చొప్పున చూసి, వార్డు బాగా పెట్టారన్నాడు. తిరిగి వెళ్తూ బెంచీ దగ్గర ఆగాడు. మంచి మనిషే.

"ఏమ్మా, లోపల మీవాళ్ళెవరున్నారు?"

అక్క నా వైపు చూడలేదు. "మా తమ్ముడున్నడు సార్."

"ఇప్పుడెలా ఉంది?"

"మంచిగనే ఉన్నడు. జర భయపడ్డడు, గంతే."

నాకు సిగ్గేసింది. పన్నెండేళ్ళలో ఎప్పుడూ వెయ్యనంత సిగ్గేసింది.

"సార్, ఆమెనే పేషెంటు. మా అక్క" అన్నాను.

సారు ఆమె పేరడిగి, చేతిలోని పేషెంట్ల జాబితా తిరగేశాడు. "ఇందులో పేరు లేదే?"

"నేనే రాయలే సార్. గీ బెంచీల మీద ఉన్నోళ్ళల్ల సగం మంది పేషెంట్లే."

పెద్ద డాక్టరు తల పైకెత్తి ఫ్యాను చూడసాగాడు. సారు ఆ జాబితా నా చేతికిచ్చి, అయితే రాసివ్వండి అన్నాడు. అక్క పక్కనే కూర్చుని రాశాను. మొదటి పేరు అక్కదే. మంచం నంబరు అన్నచోట చాప అని రాశాను. తోడు ఎవరు అన్నచోట తమ్ముడు అని రాశాను.

రెండు రోజులకు పదిహేడో మంచం ఖాళీ అయితే అక్కను దాని మీదికి మార్చారు. కోలుకుని ఇంటికి వెళ్ళింది. కొత్త వార్డు ఫైలు పరిశీలనలో ఉందట. నా ఫైలు మాత్రం తొందరగానే కదిలింది. పన్నెండేళ్ళు ఆ రోగులను ఎందుకు రాయలేదో వారంలోగా సంజాయిషీ ఇవ్వమని మెమో ఇచ్చారు. ఆరు రోజులు ఆ కాగితాన్ని సొరుగులోనే ఉంచి ఏడో రోజు జవాబిచ్చాను.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మెమోకు ఏం రాసినవ్‌రా?"

"నువ్వు చెప్పిందే రాసిన అక్కా. జర భయపడ్డ, గంతే అని."