వీలర్ కొండ మీద ఉడకని పప్పు

మా అన్నయ్య పోయి ఏడాది దాటింది. వాళ్ళుండే ఆష్‌బర్న్‌లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ ఏది జరిగినా గుత్తివంకాయ మా వదినదే. అలాంటిది ఇప్పుడు స్టవ్ దగ్గరికే వెళ్ళడం లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా బ్రెడ్డో, పాలల్లో సీరియలో తిన్నానంటుంది. ఒక్కదానికి ఏం వండుకుంటానంటుంది. నాకు ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కదని భయం పట్టుకుంది. అన్నయ్య చూడాలని ముచ్చటపడ్డ కొండ ఒకటుంది, నెవాడా ఎడారిలో, వీలర్ అని. సెప్టెంబర్‌లో వదినను బలవంతంగా అక్కడికి బయలుదేరదీశాను.

సాల్ట్ లేక్ సిటీలో కారు అద్దెకు తీసుకుని నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే బేకర్ అనే చిన్న ఊరు. దారిలో డెల్టాలో పెట్రోల్ నింపుకోండి, తర్వాత చాలాదూరం ఏమీ ఉండదు. రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్నే మోటెల్‌లో రైస్ కుక్కర్‌తో అన్నం వండి డబ్బాలో సర్దాను. ఆ కొండ ఉన్న గ్రేట్ బేసిన్ నేషనల్ పార్క్‌కి ఎంట్రీ ఫీజు లేదు. కింద అంతా సేజ్ పొదలు. కారు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంటే పొట్టి జూనిపర్ చెట్లు, ఆపైన ఆకులు పసుపెక్కిన ఆస్పెన్లు. చూస్తుండగానే ఎడారిలోంచి చలిలోకి వచ్చిపడ్డాం. వదిన శాలువా కప్పుకుంది.

క్యాంప్‌గ్రౌండ్ దగ్గర్నుంచి రాళ్ళ బాటలో మెల్లగా నడిస్తే గంటన్నరకు బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు వస్తాయి. ఒకప్పటి మంచునది ఈడ్చుకొచ్చి వదిలేసిన రాళ్ళ మధ్య, గాలికి మెలిదిరిగి, వేల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. ఒకటి పూర్తిగా ఎండిన మోడులా ఉంటే, చచ్చిపోయిందా అని వదిన అక్కడున్న పార్క్ రేంజరమ్మను అడిగింది. ఆవిడ చెట్టు వెనక్కి తీసుకెళ్ళి అరచేతి వెడల్పు బెరడు చూపించింది. అది ఒక్కటే బతికి ఉందట, పైనున్న పచ్చటి కొమ్మకు అదే చాలట. వదిన చాలాసేపు అక్కడే నిలబడింది. నేను తొందరపెట్టలేదు.

క్యాంప్‌గ్రౌండ్‌కి దిగొచ్చి క్యాంప్ స్టవ్ మీద కందిపప్పు పెట్టబోతే తెలిసింది, ప్రెషర్ కుక్కర్ తెచ్చాను గానీ దాని వెయిట్ ఇంట్లోనే ఉండిపోయింది. మామూలుగా మూతపెట్టి ఉడికించాను. అంత ఎత్తులో తక్కువ వేడికే నీళ్ళు గలగలా మరుగుతున్నాయే గానీ పప్పు పలుకు మెత్తబడదే! గంటసేపు నా అవస్థ చూసి వదిన లేచింది.

“జరుగు. పోపు డబ్బా ఎక్కడ పెట్టావ్?”

పప్పు నీళ్ళు వంచి, టమాటా పిసికి, చారు కాచింది. మిగిలిన పలుకుల్ని ఉల్లిపాయలతో వేయించేసింది. ఇంగువ వాసన ఆ చలిగాలిలో కలుస్తుంటే నాకు కళ్ళు నిండిపోయాయి. ఆవిడ రెండోసారి అన్నం పెట్టుకుని, “మీ అన్నయ్యైతే ఉప్పు తక్కువైందనేవారు” అని నవ్వింది. నిజంగానే తక్కువైంది.

ఆ కొండ మా దుఃఖాన్నేమీ తీసేయలేదు. కాకపోతే నిన్న ఫోన్ చేస్తే వదిన ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ పెట్టింది: “స్టవ్ మీద వంకాయ ఉంది, తర్వాత ఫోన్ చేస్తా.”

మీరు వెళ్తే ఒక్క మాట: కుక్కర్‌తోపాటు వెయిట్ కూడా సర్దుకోండి. పోపు డబ్బా మాత్రం, ఏది మరిచినా, మరవకండి.