వెంకటలక్ష్మి గారి కోసం ముందే చదివిన పేజీలు

దయ్యాలున్నాయంటే నవ్వేవాణ్ని. డేటాబేస్ నడిపేవాడికి దేనికైనా లాగ్‌లో, అంటే అది రాసుకునే చిట్టాలో, కారణం దొరుకుతుంది. ఇప్పటికీ అదే నా నమ్మకం, ఒక్క విషయంలో తప్ప.

కడియం దగ్గర ఒక నర్సరీలో మొక్కల ఆర్డర్ల డేటాబేస్ చూసేది నేనే. ఫోన్ రాగానే కౌంటర్లో వాళ్లు ఆ కస్టమర్ వివరాలు తెరవాలి. ఆ వివరాలు డిస్కులో పేజీలుగా ఉంటాయి. మనం అడగబోయే పేజీలను డేటాబేస్ ముందే డిస్కు నుంచి చదివి మెమరీలో పెట్టుకోవడాన్ని ప్రీఫెచ్ అంటారు. రోజూ వచ్చేవాడు హోటల్లో కూర్చోగానే పెసరట్టు వచ్చేసినట్టు. అయితే వరుసగా ఉన్న పేజీలకే అది పనికొస్తుంది. ఎవరు ఫోన్ చేస్తారో దానికేం తెలుసు?

కౌంటర్లో వెంకటలక్ష్మి గారు కూర్చుంటే మాత్రం దానికి తెలిసేది. మానిటరింగ్‌లో చూస్తే, మిగతావాళ్లకి ముందే చదివిన పేజీలు చాలావరకు వృథా. ఆవిడకి ఒక్కటీ వృథా కాదు. ఫోన్ మోగకముందే ఆ కస్టమర్ పేజీలు సిద్ధం.

నాకు ఒళ్లు మండింది. సెట్టింగులు మార్చి మార్చి చచ్చింది నేను, పేరు ఆవిడకి. కొవ్వూరులో పెట్టబోయే బ్రాంచికి ఇన్‌చార్జిగా వెళ్లాలని నా ఆశ. మా యజమాని చూపు ఆవిడ మీద పడింది. ఇందులో ఏదో మోసం ఉందనుకుని సీట్లు మార్చాను, లాగిన్లు మార్చాను. ఆవిడ ఎక్కడ కూర్చుంటే అక్కడే ఆ తేడా.

"అసలేం చేస్తున్నారండీ?" అని ఒకరోజు అడిగేశాను.

"నాకేం తెలుసండీ. అడుగుతాను, ఇస్తుంది," అన్నారావిడ, టీ చల్లార్చుకుంటూ.

కొవ్వూరు ఆవిడకే ఇచ్చారు. ఆవిడ సీట్లోకి నేను మారాను. నాకు ప్రతిదానికీ ఆలస్యమే.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం, నేనేమీ అడగకుండానే డేటాబేస్ ఒక పాత కస్టమర్ పేజీలు చదవడం మొదలుపెట్టింది. ఏళ్లుగా ఆర్డరివ్వని మనిషి. నాకు భయం వేయలేదు. ఇన్నాళ్లకి నన్నూ పట్టించుకుందని సంబరపడ్డాను. అంతలో ఫోన్ మోగింది. తీయబోతుంటే వెనక నుంచి గాజుల చెయ్యి ముందుకొచ్చింది.

"అలవాటండీ, ఏమీ అనుకోకండి," అంటూ వెంకటలక్ష్మి గారు రిసీవర్ ఎత్తారు. ఏవో సంతకాల పని మీద వచ్చారట. వస్తున్నట్టు మాలో ఎవరికీ తెలియదు. ఫోన్లో ఉన్నది ఆ పాత కస్టమరే.

ఆ పేజీలు ఎవరు అడిగారో అని లాగ్ ఎన్నిసార్లు వెతికానో. ఎవరూ అడగలేదు. అదెలా జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు. దయ్యమే అంటారా, కావచ్చు. నా బాధ అది కాదు. ఆ డేటాబేస్‌కి ఇన్నేళ్లు చాకిరీ చేసింది నేను. అది ఎదురుచూసింది ఆవిడ కోసం.