వేయని వార్తకు సవరణ

మా పత్రికలో ఆరోగ్యం, ప్రకృతి పేజీ చూసే పెద్దాయన, తాను స్వయంగా చేసి చూడనిదే ఒక్క చిట్కా కూడా అచ్చుకు పంపేవారు కాదు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో మీకన్నా నాకన్నా తెలివైన మనిషి. ఆఫీసంతా ఆయన్ని అనుభవం గారు అని పిలిచేది. ఆయన పక్క కుర్చీలో పదకొండేళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆయన్ని చూసి ఎవరైనా నవ్వితే ముందు నాతో తేల్చుకోవాలి. నేను నవ్వితే అది వేరే సంగతి.

వెనక్కి నడిస్తే మోకాళ్లకు మంచిదని ఒక వార్త వచ్చింది. ఇంకెవరైనా అయితే పది నిమిషాల్లో పెట్టేసి టీకి పోతారు. ఈయన వారం రోజులు బస్టాపు నుంచి ఆఫీసు దాకా వెనక్కి నడిచారు. మూడో రోజు గేటు దగ్గర మా యజమానిని వీపుతో గుద్దారు. యజమాని కింద పడ్డ కళ్లజోడు వెతుక్కుంటూ ఇదేం పనయ్యా అంటే, ఇంకా నాలుగు రోజులుందండీ అని చెప్పి, మెట్లు కూడా వెనక్కే ఎక్కారు. వారం తిరిగాక వార్త వేశారు. మోకాళ్ల సంగతి తెలియలేదు, మెడ మాత్రం పట్టేసింది, సరదా ఉన్నవారు ఖాళీ మైదానం చూసుకోండి అని.

ముద్ద ముద్దకీ ముప్పై రెండు సార్లు నమలాలన్న వార్త వచ్చినప్పుడు ఆయన మధ్యాహ్న భోజనం సాయంత్రం నాలుగింటి దాకా సాగింది. మాట్లాడితే లెక్క తప్పుతుందని ఆ వారమంతా సైగలతో పేజీ నడిపారు. మొక్కలతో మాట్లాడితే ఏపుగా పెరుగుతాయన్నప్పుడు కిటికీలో రెండు కుండీలు పెట్టి, రోజూ ఒకదాన్ని బుజ్జగించారు, రెండోదాన్ని చెడామడా తిట్టారు. తిట్లు తిన్నదే ముందు పూసింది. అదే వేశారు. ఆయనది నున్నటి గుండు కనుక, జుట్టుకు సంబంధించిన చిట్కాలన్నీ నా వంతుకు వచ్చేవి. ఇప్పుడు నా నెత్తి ఇలా ఉండటానికి పూర్తి బాధ్యత ఆయనదే.

భాష దగ్గర ఇంకా మొండి. 'నిపుణులు చెబుతున్నారు' అని రాస్తే చాలు, ఏ నిపుణులు, ఫోన్ నంబరు ఇవ్వు అనేవారు. నంబరు ఇస్తే నిజంగానే ఫోన్ చేసేవారు. అన్నిటికన్నా ఆయనకు గిట్టని మాట 'దివ్యౌషధం'. ఆకు కనబడినా, వేరు కనబడినా దివ్యౌషధమని రాసే జబ్బు మా వృత్తిలో ఉంది. ఆ మాటను ఆయన పదకొండేళ్లలో ఒక్కసారి కూడా పేజీలోకి రానివ్వలేదు. నోటితో కూడా పలికేవారు కాదు. కాగితం మీద వేలు పెట్టి "ఇది తీసెయ్" అనేవారు, అంతే.

ఇలా ఉండగా ఒక పొడి వచ్చింది. పొద్దున్నే చెంచాడు పొడి నీళ్లలో కలుపుకుని తాగితే మూడు వారాల్లో షుగర్ మాయమట, మాత్రలు అవతల పారేయొచ్చట. దాని కంపెనీ అన్ని పత్రికలకూ పేజీలకు పేజీలు ప్రకటనలిస్తోంది. మాకూ ఇస్తానంది, కాకపోతే ముందు ఒక వార్త రావాలంది. వార్త కూడా వాళ్లే రాసి పంపారు. అందులో నిపుణులు నాలుగు చోట్ల, దివ్యౌషధం ఆరు చోట్ల. యజమాని దాన్ని నేరుగా కంపోజింగుకు పంపి, తప్పులు దిద్దడానికి తీసే ప్రూఫు కాగితాలు తీయించి, ఒకటి మా బల్ల మీద పెట్టించారు.

అనుభవం గారు ప్రూఫు పట్టుకుని యజమాని గదిలోకి వెళ్లారు. ఎందుకైనా మంచిదని నేనూ వెళ్లాను.

"నాకు షుగర్ లేదండీ, చేసి చూడలేను. మీకుందిగా. మీరు మూడు వారాలు మాత్రలు మానేసి ఈ పొడి తాగండి. బాగుంటే మొదటి పేజీలో మీ ఫొటోతో వేద్దాం" అన్నారు.

యజమాని చేతిలోని పెన్ను కింద పెట్టారు. "నా ప్రాణంతో ఆటలాడతావా?"

"మీది ప్రాణమైతే చదివేవాళ్లది కూడా ప్రాణమే కదండీ" అన్నారు ఈయన, కూర్చోమనకుండానే కూర్చుని.

వార్త ఆగింది. యజమాని వారం రోజులు మా వైపు చూడలేదు. మేమూ పెద్దగా బాధపడలేదు.

అయితే పత్రికాఫీసులో ఒక అలవాటుంది. పనికిరాని ప్రూఫు కాగితాలు కాంటీన్‌కు పోతాయి. కాంటీన్ నడిపే పిన్ని వాటిని బల్లల మీద పరుస్తుంది, అరల్లో వేస్తుంది. ఈ వార్త ప్రూఫు కూడా ఆమె స్టవ్ పక్క బల్ల మీద శుభ్రంగా పరుచుకుంది. ఎర్ర సిరాతో కొట్టివేసిన కాగితం అనుభవం గారి దగ్గర ఉండిపోయింది. ఆమెకు దొరికినదాని మీద ఒక్క ఎర్ర గీత కూడా లేదు. పిన్నికి షుగర్ ఉంది. పెద్దయ్యాక మా పేజీ కూడబలుక్కునే చదవడం నేర్చుకుంది. అందులో రాసిందంటే ఆమెకు శిలాశాసనం.

ఒకరోజు టీ కప్పులు కడుగుతూ కడుగుతూ పిన్ని నేల మీద కూలబడింది. పక్క వీధి ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ పరీక్ష చేసి, షుగర్ ఆకాశంలో ఉందని చెప్పి, మాత్రలు ఎన్నాళ్లయింది మానేసి అని అడిగింది. పిన్ని వేళ్లు లెక్కపెట్టి, ఎనిమిది రోజులంది.

"ఎందుకు మానేశావు పిన్నీ?" అన్నారు అనుభవం గారు.

"పేపర్లో పడిందిగా. మీరు చేసి చూడందే వేయరుగా."

ఆయన కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నారు. అది వేయని వార్త అని చెప్పారు. ఆయన చెప్పారు, నేను చెప్పాను, డాక్టరమ్మ చీవాట్లు పెట్టి మరీ చెప్పింది. పిన్ని అందరికీ తలూపింది. మర్నాడు చూస్తే స్టవ్ పక్కన మళ్లీ పొడి గ్లాసు. నోటి మాటలు నూరు చెబుతారు, అచ్చులో పడింది అబద్ధమెలా అవుతుందని ఆమె వాదన. అంత నమ్మకం మా పత్రిక మీద మాకే లేదు.

అనుభవం గారు బల్ల దగ్గరికి వచ్చి, నిలబడే రాశారు. 'సవరణ. ఫలానా పొడితో షుగర్ మాయమవుతుందని మేం అచ్చు కొట్టిన మాట తప్పు. దాన్ని మేం చేసి చూడలేదు. మాత్రలు మానేసినవారు ఈ రోజే డాక్టరును కలవండి. ఈ మాట చెబుతున్నది ఎవరో నిపుణులు కాదు, మా పక్క వీధి ఆస్పత్రి డాక్టరమ్మ.' కింద ఆస్పత్రి నంబరు.

యజమాని గది అద్దాలు అదిరాయి. వేయని వార్తకు సవరణ వేసిన పత్రిక భూప్రపంచంలో ఎక్కడైనా ఉందా అన్నారు. చదివింది ఒక్క మనిషి, అదీ మన కాంటీన్ మనిషి, ఆమె కోసం లోకమంతటికీ క్షమాపణ చెప్పుకోవాలా అన్నారు. ఇది అచ్చయితే రేపటి నుంచి రానక్కర్లేదన్నారు.

"ఎప్పుడూ నమ్మేది ఒక్కరేనండీ," అన్నారు అనుభవం గారు. "ఆ ఒక్కరు ఎవరో మనకు తెలియదు. ఎక్కడుంటారో తెలియదు. అందుకే ఇన్నాళ్లూ అన్నీ నా మీదే చేసి చూసుకున్నాను. ఇవాళ ఆ ఒక్కరు ఎవరో తెలిసింది. తెలిసీ ఊరుకోమంటారా?"

సవరణ వేశారు. తన సొరుగు ఖాళీ చేసి, రెండు కుండీలూ చంకన పెట్టుకుని ఇంటికెళ్లారు.

మర్నాడు పొద్దున్నుంచి ఫోన్లు. సగం మంది, సవరణ చదివాం, అసలు వార్త ఎక్కడ, మా కాపీలో పేజీ తగ్గిందా అని దెబ్బలాట. మిగతావాళ్లు గొంతు తగ్గించి, ఆ పొడి ప్రకటన ఇంకో పత్రికలో చూసి మేమూ మాత్రలు మానేశాం, ఇప్పుడేం చేయాలి అని అడిగారు. అందులో ఒకావిడ యజమాని సొంత అక్కగారు. ఆవిడ తమ్ముడితో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. పదకొండింటికి యజమాని స్వయంగా కారేసుకుని వెళ్లి, అనుభవం గారిని, రెండు కుండీలనూ వెనక్కి తీసుకొచ్చారు.

పిన్ని సవరణను కత్తిరించి కాంటీన్ గోడకు అంటించింది. అచ్చులో పడింది కనుక మాత్ర వేసుకుంది. డాక్టరమ్మ మానమన్న టీలో చక్కెర దగ్గర మాత్రం మొరాయించింది. చక్కెర లేని టీ మనుషులు తాగగలరా, అసలు మీరెప్పుడైనా తాగి చూశారా అని ఆయన్నే నిలదీసింది.

ఆయనది మూడు చెంచాల చక్కెర టీ. ప్రపంచంలో ఆయన ఎన్నడూ పరీక్షకు పెట్టని వస్తువు అదొక్కటే. ఆయన ఒక్క క్షణం గోడ మీది సవరణ వైపు చూసి, రెండు కప్పులు చక్కెర లేకుండా పోయమన్నారు. ఆ రోజు నుంచి రోజూ పదకొండింటికి పిన్ని ఎదురుగా కూర్చుని ఆమెతో పాటు ఆ టీ తాగారు. ఆయన గుటక వేసేటప్పుడు ముఖం అష్టవంకరలు పోవడం నేను పక్క నుంచి చూసేవాణ్ణి.

మొదటి రోజే పిన్ని కప్పు ముట్టకుండా అనుమానంగా అడిగింది. "ఎలా ఉందండీ?"

ఆయన గుటక మింగి, నా వైపు నవ్వావో చూడు అన్నట్టు చూసి, కాంటీన్ అంతా వినబడేలా చెప్పారు.

"దివ్యౌషధం."