మేకల కొట్టంలో దొరికిన పేరు

మొన్న మా మనవరాలు, తను పంతులమ్మగా పనిచేసే మా ఊరి బడికి నన్ను వెంటబెట్టుకుని పోయింది. నర్మెట్ట పక్కన, చినుకు కోసం మొగులుకేసి చూసే ఎర్రదుబ్బల ఊరు మాది. మనవరాలు హాజరు కోసం పిల్లల ముఖాల ముందు ఫోను పట్టుకుంటూ ఒక్కొక్కరినే దాటిపోతుంటే, "పేర్లు పిలువవా బిడ్డా?" అన్నాను. "ఎందుకవ్వా, ఫోనే గుర్తుపడ్తది" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

ఈ బడి మేకల కొట్టంలో మొదలైంది. ఎర్రజెండా సంగపోళ్లు దొరల మీద తిరగబడుతున్న ఆ రోజులు నా ఈడువాళ్లకు ఎరుకే. జనగామలో రైలు దిగి నడిచొచ్చిన ఒక బక్కపలచని పంతులు ఇల్లిల్లూ తిరిగి, మా తల్లులను బతిమాలి, పద్నాలుగు మందిని పోగుచేశాడు. మొదటిరోజు రిజిస్టరు తెరిచి మల్లయ్య, ఎల్లయ్య, నర్సమ్మ అని పిలుస్తుంటే ఒక్కరమూ పలకలేదు. ఎట్లా పలుకుతాం? మేము మల్లిగాడు, ఎల్లిగాడు, నర్సి! "నర్సమ్మంటె నువ్వే బిడ్డా, హాజర్ అనాలె" అని ఆయన చెప్పినా, ఇంకెవరో ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను.

సంగతి దొర ఉండే గడీకి చేరి, అక్కడి మనిషి కర్ర పట్టుకుని వచ్చాడు. "ఊరు పిలిచినట్టే పిలువు పంతులూ, లేకుంటె కొట్టానికి అగ్గి పెడ్త" అని గుమ్మంలో నిలబడ్డాడు. పంతులు రిజిస్టరు తీశాడు. మల్లయ్య పలకలేదు. ఎల్లయ్య పలకలేదు. అదే పొద్దున మా అమ్మ గడీ వాకిలి ఊడుస్తున్నది, నేను నోరు తెరిస్తే దెబ్బలు ఆమెకే. కానీ రిజిస్టరు పట్టిన పంతులు చేతులు గజగజ వణకడం చూశాను. ఆయనకూ భయమే, అయినా పిలుస్తున్నాడు. "నర్సమ్మ" అన్నాడు. "హాజర్" అనేశాను. నా వెనక మిగతావాళ్లందరూ పలికారు.

ఇంటికి పోయి చెబితే అమ్మ నాలుగు తగిలిస్తుందనుకున్నాను. నా దగ్గరికొచ్చి కూర్చుని, "మరి నేను గూడ లచ్చమ్మనేనా బిడ్డా?" అని అడిగింది.

అన్నట్టే కొట్టం కాలిపోయింది. పంతులు బూడిద ఊడ్చి, మమ్మల్ని అక్కడే ఎండలో కూర్చోబెట్టి, మళ్లీ అవే పేర్లు పిలిచాడు. అంతటి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇప్పుడు బడికి స్లాబుంది, ఫ్యాన్లున్నాయి, మధ్యాహ్నం కోడిగుడ్డుంది. సంతోషమే. కానీ ఆనాటి పద్నాలుగు మందిలో మిగిలింది నేనొక్కదాన్నే, ఊరందరికీ అవ్వను, నన్ను పేరుతో పిలిచేవాళ్లే లేరు. వచ్చేముందు ఒక్కసారి పిలవమని మనవరాలిని అడిగాను. నవ్వుతూ "నర్సమ్మ" అంది. లేచి నిలబడి "హాజర్" అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. నేను మాత్రం ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు.