టీచర్ అడిగిన బాట

మా టీచర్ చనిపోయారన్న కబురు మొదట మా ఆయన ఫోన్‌కే వచ్చింది. మా ఊళ్లో ఏ కబురైనా ముందు ఆ ఫోన్‌కే వస్తుంది. బోరు చెడిపోయినా, కరెంటు తీగ తెగినా, మనిషి పోయినా అంతే. ఊరికి సర్పంచ్‌ని నేను. ఫోన్ మాత్రం ఆయనది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి, "మీ టీచరమ్మ సూర్యాపేట దవాఖానల పాణం ఇడిసిందట. ఏర్పాట్లు సూడాలె, పోయొస్త" అని బండి తీశాడు. తడి చీర చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది. అంతకన్నా ముందు సిగ్గు వచ్చింది. ఎందుకంటే నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఆమెను ఏ దారిన తీసుకుపోతారు అన్నది. దారి లేదని ఊరందరికన్నా నాకే బాగా తెలుసు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు రాసేవాళ్లు పక్కకు తప్పుకోవాలంటారు. నేనూ అలాగే రాద్దామని కూర్చున్నాను. కానీ ఆమె గురించి ఏ వాక్యం మొదలుపెట్టినా మధ్యలో నేనే అడ్డం వస్తున్నాను. చదివేవాళ్లు మన్నించాలి.

నేను పుట్టింది మిర్యాలగూడ దగ్గర. అక్కడి హైస్కూల్లో ఆమె మాకు సోషల్ చెప్పేవారు. సోషల్ అంటే అన్నం తిన్నాక వచ్చే పీరియడు, సగం మంది కళ్లు తెరిచే నిద్రపోయేవాళ్లం. పౌరశాస్త్రం పాఠం ఉన్న రోజుల్లో ఆమె తన కుర్చీ ఖాళీ చేసి మాలో ఒకరిని అందులో కూర్చోబెట్టి, తాను పోయి మా బెంచీ మీద ఇరుక్కుని కూర్చునేవారు. కుర్చీలో ఉన్న పిల్ల సభాపతి. ఇక టీచరైనా సరే, చెయ్యెత్తి "అధ్యక్షా" అనకుండా నోరు విప్పకూడదు. నా వంతు వచ్చిన రోజు నాకు కొమ్ములు మొలిచాయి. పాఠం మధ్యలో ఆమె పక్క పిల్లకేదో చెప్పబోతే, "కూసోండ్రి టీచర్, మీ వంతు ఇంక రాలే" అని గద్దించాను. క్లాసంతా బిక్కచచ్చిపోయింది. ఆమె నిజంగానే నోరు మూసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. బడి విడిచాక పిలిచి, "నీ గొంతు మంచిగుంది బిడ్డా. పోగొట్టుకోకు" అన్నారు. ఆమె ఒక్క తిట్టూ తిట్టనందుకు ఆ రోజు నేను గంతులేసుకుంటూ ఇంటికి పోయాను.

ఆమె పాఠంలో దేశం పటం మీద ఉండేది కాదు. "ముందుగాల నేల. నేల మీద జనం. జనం నేల కోసం కొట్టుకోకుండ సూసేటిది ప్రభుత్వం. గింతే, దేశమంటే" అనేవారు. రాష్ట్రాలెన్ని, కేంద్రం చేతిలో ఏముంది, రాష్ట్రం చేతిలో ఏముంది అన్నీ చెప్పి చివరికి మా ఊళ్లకే వచ్చేవారు. "ఢిల్లీల తప్పు జరిగితే పేపర్ల సదువుతం. పంచాయతీల తప్పు జరిగితే కాల్ల ముల్లు గుచ్చుకుంటది. ఏది దగ్గర?" అని అడిగేవారు. మేము "పంచాయతీ టీచర్" అని అరిచేవాళ్లం. అరవడానికేం, ఊరికే వచ్చేది.

పెళ్లయి కోదాడ పక్కనున్న ఈ ఊరికి వచ్చాక తెలిసింది, ఇది ఆమె సొంతూరని. ఒకరోజు కోదాడ బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎండ లేదు, వాన లేదు, గొడుగు మాత్రం విప్పి ఉంది. "ఇంటికి కోడలుగ వచ్చినవా, ఊరికి గూడ వచ్చినవా?" అని నవ్వారు. హాలియాలో, మిర్యాలగూడలో ఉద్యోగం చేసి, రిటైరై, ఊరవతల ఎస్సీ కాలనీలో అన్నదమ్ముల పక్కనే రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవారు. కూలికి పోయే ఆడవాళ్లు సద్ది గిన్నెలు పట్టుకుని కాసేపు నిలబడి వినిపోయేవాళ్లు. ధరలు తగ్గిన వార్త వస్తే ముందు వెనక్కి తిప్పి తేదీ చూసుకునేవారు, పాత పేపరేమోనని.

ఆ తర్వాత మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చింది. మా ఆయన నా పేరుతో నిలబడ్డాడు. అవును, అలాగే అనాలి. పోస్టరు మీద ఆయన రెండు చేతులూ జోడించి ఉన్నాడు, నేను పక్కన పాస్‌పోర్టు ఫోటోలో ఉన్నాను. గెలిచిన రోజు దండలు ఆయన మెడలోనే పడ్డాయి. అప్పటినుంచి ఆయన సర్పంచ్ సాబ్, నేను సర్పంచ్ సాబ్ భార్యని. ఇందులో వింతేమిటో మా ఊళ్లో ఎవరికీ తోచదు. నిజం చెప్పొద్దూ, నాకూ చాలాకాలం తోచలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండాకాలం నీళ్ల ట్యాంకరు తానే తోలుకుంటూ వాడవాడకూ తిరుగుతాడు. ఆయన వేలు పెట్టిన చోట నేను సంతకం చేస్తే చాలు, మిగతా పరేషాన్ అంతా ఆయనది. బాగానే ఉందనుకున్నాను.

నన్ను "సర్పంచ్ గారూ" అని పిలిచింది ఊరు మొత్తం మీద టీచర్ ఒక్కరే. గేటు దగ్గర నిలబడి అలా పిలిస్తే మా అత్తమ్మ వంటింట్లోంచి, "సాబ్ లేడు, మాపటికి రా" అని కేకవేసేది.

ఆమె అడిగింది ఒక్కటే. కాలనీవాళ్ల బొందలగడ్డకు, అంటే వాళ్ల సమాధుల చోటికి, బాట. ఆ గడ్డ రోడ్డుకు దూరమేం కాదు. మధ్యలో మా పాలోళ్లది, మా ఆయన చిన్నాయన కొడుకుది, వరి పొలం. వెనకటికి అక్కడ బండ్లు పోయే బాట ఉండేది. ఊరి భూముల నక్షాలో ఇప్పటికీ ఉంది. ఆ పొలం ఆసామి, మా బావగారు, ఏటేటా ఒక సాలు లోపలికి దున్నుకుంటూ వచ్చి మొత్తం కలిపేసుకున్నాడు. ఇదేమీ దాపరికం కాదు. ముసలివాళ్లను అడిగితే ఏ బండి ఎక్కడ దిగబడిందో కూడా చెబుతారు. టీచర్ పెనిమిటి పోయినప్పుడు ఆయన శవపెట్టెను మోకాలి లోతు బురదలో మోశారట.

మొదటిసారి ఆమె ఈ మాట అడగడానికి మా ఇంటికి వచ్చినప్పుడు అత్తమ్మ చాయ్ పంపించింది. నాకు స్టీలు గ్లాసులో, ఆమెకు కాగితం గ్లాసులో. మా ఇంట్లో ఆ కాగితం గ్లాసుల కట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది, కాలనీ నుంచి ఎవరైనా వస్తే తీస్తారు. ఆమె తాగి, గ్లాసును వేళ్లతో తిప్పి చూసి, "మేం మస్తుమందిమి ఉన్నం బిడ్డా, గ్లాసులకు ఖర్చు ఎక్కువైతది మీకు" అన్నారు నవ్వుతూనే. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

గ్రామసభలో లేచి మళ్లీ అడిగారు. "చేద్దాం టీచర్, తప్పకుండ చేద్దాం" అన్నాడు మా ఆయన. ఆమె కూర్చోలేదు. "నేను అడిగింది సర్పంచ్ గారిని" అన్నారు. అందరూ నవ్వారు. మా బావగారైతే పడీపడీ నవ్వాడు. నేను మా ఆయన వైపు చూశాను. "చెప్పు, చేద్దామని చెప్పు" అని ఆయన మెల్లగా అందించాడు. "చేద్దాం" అన్నాను. చప్పట్లు కొట్టారు.

పంట కోసినంక చూద్దామన్నారు. కోశారు. అంతలో సాగర్ కాలువకు నీళ్లు వదిలారు, నారు పోశారు, ఇప్పుడెట్ల అన్నారు. మాది రెండు పంటల నేల. కాలువ కింద పొలం ఎప్పుడు ఖాళీగా ఉంటుంది? "పాలోడు, దగ్గరోడు. జర ఓపిక పట్టాలె. ఎలచ్చన్లల్ల మన కోసం తిరిగినోడు" అని మా ఆయన రాత్రి అన్నం దగ్గర అనేవాడు. నేను కూర వడ్డించేదాన్ని.

ఒంట్లో బాగోలేదని తెలిసి ఒకరోజు కాలనీకి పోయాను. మంచం మీద దిండుకు ఆనుకుని పేపరు చదువుతున్నారు. వినేవాళ్లు లేకపోయినా పైకే చదువుతున్నారు. నన్ను చూసి పక్కన పెట్టారు.

"నా కోసమని అనుకుంటున్నవేమో బిడ్డా. నేను పెట్టెల ఉంట, నాకేం బురద అంటది? మోసే పిలగాండ్ల కాళ్ల కోసం అడుగుతున్న" అన్నారు.

"మా ఆయనతోని మాట్లాడత టీచర్" అన్నాను.

ఆమె నన్నే చూశారు. కోపం లేదు ఆ చూపులో. పరీక్షలో తెలిసిన జవాబు తప్పు రాసిన పిల్లను చూసినట్టు చూశారు. "మీ ఆయనతోని మాట్లాడాల్నంటే నేనే మాట్లాడుదును గద" అని మళ్లీ పేపరు తీశారు. మాకు అదే ఆఖరి మాట.

అంత్యక్రియలకు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మిర్యాలగూడ నుంచి ఒక వ్యాను నిండా పాత విద్యార్థులు, అందులో ఇద్దరు నాతో చదివినవాళ్లు. హాలియా నుంచి టీచర్లు, కోదాడ నుంచి లాయర్లు. ప్రార్థన అయింది. పెట్టె ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చారు. అక్కడ ఆగిపోయారు. ముందు కొత్తగా నాట్లు పడ్డ మడి, ఇటునుంచి అటు నిండా నీళ్లు. తెల్లబట్టల్లో వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "దారేదండీ?" అన్నాడు ఒకాయన.

కాలనీ పిల్లలు ప్యాంట్లు మోకాళ్లపైకి మడుచుకుని దిగారు. వాళ్లకు అలవాటే. నడిమడిలో ముందున్న పిల్లవాడి కాలు దిగబడింది. పెట్టె ఒక మూల బురదను తాకింది. పైనున్న పూలదండ జారి నీళ్లలో పడింది. ఎవరో "ఏసయ్యా" అన్నారు. వెనకనున్నవాళ్లు చెప్పులు చేతుల్లో పట్టుకుని వరుసగా దిగారు, నేనూ దిగాను. గంజిపెట్టిన చీర మోకాళ్ల దాకా తడిసింది.

తిరిగి రోడ్డెక్కాక, కోదాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కాళ్లు కడుక్కుంటూ కోపంగా అడిగింది. "ఈ ఊరికి సర్పంచ్ అంటూ ఎవరైనా ఉన్నారాండీ? ఎవరండీ ఆ మహానుభావుడు?"

నేను ఆమెకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నాను. చుట్టూ కాలనీవాళ్లు. ఒక్కరు కూడా నన్ను చూపించలేదు. అందరూ తలలు దించుకుని కాళ్ల బురద కడుక్కున్నారు. వాళ్ల టీచర్ పెట్టెను బురదలో మోసి వచ్చి, నా పరువు కాపాడారు. నేనైనా "నేనేనండీ" అని ఉండాల్సింది. అనలేదు. కాస్త దూరంలో మా ఆయన అందరికీ నీళ్ల ప్యాకెట్లు పంచుతున్నాడు.

కొద్దిరోజులకు బొందలగడ్డకు పోదామని బంతిపూలు పట్టుకుని ఒక్కదాన్నే బయలుదేరాను. రోడ్డు దాకా వచ్చేసరికి మడిలో ఆడవాళ్లు కనిపించారు. జనం తొక్కుకుంటూ పోయిన మేర నారంతా నలిగి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్లు తేలిన బాట ఒకటి పడింది. ఎన్నేళ్లుగానో లేని బాట. మా బావగారు దాన్ని పూడ్చి మళ్లీ నాటేయమని కూలీలను పంపించాడు. కూలీలు కాలనీవాళ్లే. అందులో టీచర్ వదినె కూడా ఉంది, పెట్టె దించేటప్పుడు నా భుజం పట్టుకుని ఏడ్చిన ముసలామె.

"ఆగుండ్రి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వంగినవాళ్లు వంగినట్టే తలెత్తి చూశారు.

"నాటెయ్యకుండ్రి. గిది బాట. గిట్లనే ఉండాలె."

ముసలామె నడుం పట్టుకుని మెల్లగా లేచింది. చేతిలో నారు కట్ట నుంచి నీళ్లు కారుతున్నాయి. "గిది నీ మాటనా తల్లీ, సాబ్ మాటనా?" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

"నా మాటనే."

ఆమె మిగతా ఆడవాళ్ల ముఖాలు చూసింది. "మంచిదే తల్లీ. గని సాబ్ గూడ ఒక్క మాటంటే మేం ఇండ్లకు పోతం. మళ్ల ఆయన పాలోళ్లతోని మాట పడలేం" అంది. నారు కట్టలు గట్టు మీద పెట్టి, కాళ్లు నీళ్లలోకి వేలాడేసుకుని వరుసగా కూర్చున్నారు. నాటేయలేదు. ఇళ్లకూ పోలేదు. నేనూ పోయి ఆ చివర కూర్చున్నాను. ఎదురుగా నీళ్లు నిలిచిన ఆ సన్నటి బాట, దాని అవతల ఎర్రమట్టి కుప్ప. వాళ్లెవరూ అటు చూడడం లేదు. సాబ్ వస్తాడేమోనని రోడ్డు వైపు చూస్తున్నారు. చాలాసేపటికి గాని నాకు తెలియలేదు, నేను కూడా రోడ్డు వైపే చూస్తున్నానని.